పన్నెండు అద్దె రసీదులు

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఆవిడ త్రిపురసుందరి వీధి అరుగు మీద నాకో చాప పరిచేసి, ఇక ఇంట్లోకి రావద్దంటుంది. ఆ నెలంతా మా గేటు మూయడానికి ఉండదు. నా పేరు నీలకంఠం. హైస్కూల్లో గుమాస్తాని. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను గట్టిగా నేర్చుకున్నది ఒక్కటే, ఆదాయపు పన్ను లెక్క. నేర్చుకున్నందుకు ఇప్పటికీ లెంపలేసుకుంటున్నాను. కాశీబుగ్గ చుట్టుపక్కల నాలుగు బళ్ల మాస్టార్లకి నేనే దిక్కు. డబ్బులు పుచ్చుకోను. పుచ్చుకునుంటే బాగుండేది, కొందరైనా రావడం మానేవారు.

అదేమన్నా బ్రహ్మవిద్యా అంటే కాదు. మార్చి జీతం నుంచి మళ్లీ ఫిబ్రవరి జీతం దాకా పన్నెండు నెలలదీ కూడాలి. ఇంటద్దె కోసం ప్రభుత్వం ఇచ్చే భత్యాన్ని, నిజంగా అద్దె కడుతున్నవాడైతే, అందులోంచి తీసెయ్యొచ్చు. జీతగాళ్లందరికీ ఇచ్చే ముప్పై వేలు తియ్యాలి. మిగిలిన దాంట్లో యాభై వేల దాకా పన్ను లేదు. ఆపైన పదివేలకి పది శాతం, అదీ దాటితే ఇరవై. తేలిన పన్నులోంచి, పి.ఎఫ్.కీ ఇన్సూరెన్సుకీ కట్టినదాంట్లో ఇరవై శాతం తగ్గించాలి. ఇదంతా ఒక స్టేట్‌మెంటు రాసి హెడ్మాస్టారికిస్తే, రావలసినది ఫిబ్రవరి జీతంలో కోసేస్తారు. తరవాత ఫారం పదహారు ఇస్తారు. అది చూసుకుని జులై నెలాఖరు లోపల ‘సరళ్’ అనే కాగితం నింపి పన్ను ఆఫీసులో ఇవ్వాలి. అంతే. ఈమాత్రానికి రెండేసి ఎం.ఏ.లు చేసినవాళ్లు కూడా నా అరుగెక్కుతారు.

చిక్కంతా ఇంటద్దె దగ్గర. మా కాశీబుగ్గ, పలాసల్లో ఇల్లు అద్దెకిచ్చేవాడు ఠంచనుగా ఒకటో తారీకున డబ్బు తీసుకుంటాడు. రసీదు అడిగితే మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. ఆ రసీదు పట్టుకుని పన్నువాళ్లు తన గుమ్మం తొక్కుతారని వాడి భయం. చిన్న భత్యానికి రసీదు అక్కర్లేదని ఎక్కడో సర్క్యులర్ ఉందట. మా హెడ్మాస్టారు రసీదు లేందే సంతకం పెట్టడు. అందుకని నిజంగా అద్దె కట్టేవాళ్లందరూ అబద్ధపు రసీదులు పెడతారు. మామగారి పేరునో, బావమరిది పేరునో, పన్నెండు కాగితాలు, పన్నెండు రెవిన్యూ స్టాంపు బిళ్ళలు, పన్నెండు సంతకాలు. ఒక ఫిబ్రవరిలో నేను నా చేత్తో నాలుగు వందల రసీదులు రాశాను. సంతకాలు మాత్రం వాళ్లవే.

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో చిరంజీవి వచ్చాడు. మా బడిలో లెక్కల మాస్టారు. అక్కుపల్లి వాడు. సముద్రం మీద బతికే ఇంట్లో మొదటి ఉద్యోగస్తుడు. ఆ ఏడే అతని జీతం పన్నులోకి వచ్చింది. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి ఇంట్లో పై వాటా అద్దెకుంటున్నాడు.

“లెక్కల మాస్టారివి, నీక్కూడా నేనే చెయ్యాలా?” అన్నాను.

“ఆల్జీబ్రాకి ఒక పద్ధతుంటాది సార్. దీనికి లేదు,” అన్నాడు.

లెక్క వేసి చూపించాను. అద్దె మినహాయింపు ఉంటే ఏడువందల అరవై కోస్తారు. లేకపోతే రెండువేల రెండువందలు. అంటే తేడా పద్నాలుగు వందల నలభై.

“ఇంటి ఓనరు రసీదు ఇవ్వనంతన్నాడు సార్. రెండు సార్లు అడిగాను. మూడోసారి అడిగితే సామాన్లు రోడ్డు మీద ఉంటాయి.”

“అక్కుపల్లిలో ఇల్లు మీ అమ్మ పేరున ఉందా?”

“ఉంది. పాక సార్ అది.”

“కాగితానికి పాకో మేడో ఏం తెలుస్తుందయ్యా? అందులో అద్దెకున్నట్టు రాద్దాం. రోజూ అక్కడి నుంచి సైకిలు మీద వచ్చి పోతున్నట్టు. అందరూ చేసేదే.”

ఆ మాట అన్నది నేనే. అప్పటికప్పుడు పన్నెండు రసీదులూ రాసిచ్చింది కూడా నేనే. నెలకి పదిహేను వందలు. “ఆదివారం వెళ్లి బిళ్ళలంటించి వేలిముద్రలు వేయించుకురా,” అన్నాను. సోమవారం తెచ్చిచ్చాడు. మిగతా ముప్పై మూడు కట్టల మీద అతని కట్ట పడేసి మర్చిపోయాను. ఆ రోజుల్లో నాకు అన్నం మీద కూడా ధ్యాస ఉండేది కాదు.

గురువారం లెక్కల కోసం సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను, మధ్యాహ్నం నాలుగు దాటాక మా గేటు దగ్గర ఒక ముసలావిడ నిలబడింది. బజారులో చేపలమ్ముకుని వచ్చినట్టుంది. ఖాళీ గంప గేటు బయటే గోడవారగా బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికొచ్చింది. నేను తల ఎత్తలేదు. అప్పుడే ఒకాయన స్టేట్‌మెంటులో జులై జీతం రెండుసార్లు కూడినట్టు కనిపెట్టాను. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్నట్టుంది నా పరిస్థితి.

“పంతులుగారంటే మీరేనా బాబూ?”

“ఎవరమ్మా?”

“చిరంజీవి మాస్టారు లేడా, ఆడి తల్లిని. అప్పలనరసమ్మంటారు. ఆదారం నాడు మావోడొచ్చి నా సేత పన్నెండు కాయితాల మీద ఏలేయించినాడు. అవి మీ కాడున్నాయని తెలిసినాది. అందులో ఏటుందో సెప్తారని ఒచ్చినాను.”

“ఏమీ లేదమ్మా. ఆఫీసు పని మీద.”

“నానడిగితే ఆడూ అదే అన్నాడు. ఆపీసు పనికి బిళ్ళెందుకు బాబూ?”

అప్పుడు తల ఎత్తి చూశాను. అరవై ఏళ్లుంటాయేమో. కళ్లు గుంటలు పడిపోయి ఉన్నాయి. అరుగు అంచున కూర్చోమంటే కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడింది.

“పెద్ద బిళ్ళ అంటించి దాని మీద ఏలెయ్యమన్నాడంటే అది ప్రోనోటే గదా? మా ఇంటాయన నూకయ్య కూడా ఇలాగే ఏసినాడు. పడవకని అప్పు తెత్తే, ఆ సావుకారు అయిదువేలని సదివినాడు. కాయితంలో పదైదువేలుంది. పడవ పోయినాది, వలలు పోయినాయి. ఇంక ఇక్కడుండి ఏటి సేత్తామని గుజరాతు కాడ ఈరావలి ఎల్లిపోయినాడు కూలికి. అక్కడే పోయినాడు. మరి మావోడు పన్నెండేయించినాడు. నాకున్నదా పాకా, ఆ రెండు సెంట్ల జాగా. ఆదారం నుంచీ నిద్దర నేదు బాబూ. ఆడికంత అప్పేటొచ్చినాదో, నాకు సెప్పడు.”

రెవిన్యూ బిళ్ళ అంటే నాకు పోస్టాఫీసులో అమ్మే రూపాయి ముక్క. ఈవిడకది ఇంటాయన ప్రాణం తీసిన వస్తువు. నాలుగు రోజుల నుంచి తన ఇల్లు అమ్ముడైపోయిందని అనుకుంటూ బజారులో కూర్చుని చేపలమ్ముకుంటోంది.

“అప్పు కాదమ్మా, ఒట్టు. ఊరికే రసీదులు. నీ ఇల్లెక్కడికీ పోదు,” అన్నాను.

“ఏటి రసీదు?”

చెప్పబోయాను. ఏమని చెప్పాలి? తీరా కట్ట విప్పి మొదటి కాగితం చేతిలోకి తీసుకున్నాక చదవడానికి సిగ్గేసింది. అందులో రాత నాది. అంతలో ఆవిడే చెయ్యడ్డం పెట్టింది.

“మీరొద్దు బాబూ. ఆడు బడి నుంచి ఇటే వత్తాడంట గదా. ఆడే సదవాలి.”

మా ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చింది. అప్పలనరసమ్మ గ్లాసు ఎత్తి తాగి, కడిగి బోర్లించి, అప్పుడు కూర్చుంది. నేను లెక్కలు చేస్తున్నట్టు నటించాను. ఒక్క అంకె కూడా కుదరలేదు.

అయిదింటికి చిరంజీవి సైకిలు దిగాడు. బయట గంప చూడగానే అతనికి అర్థమైంది. ముఖం చిన్నబోయింది.

“ఏటమ్మా ఇక్కడికొచ్చావు?”

“కూకో. పంతులుగారి కాడ ఆ కాయితాలు తీసుకుని సదువు.”

“అమ్మా, అది ఆఫీసు...”

“సదవరా.”

అతను నా వంక చూశాడు. నేను కట్ట అతని చేతికిచ్చి పక్కకి తిరిగిపోయాను. అతను గొంతు సవరించుకుని చదివాడు. “శ్రీ చిరంజీవి వద్ద నుండి, అక్కుపల్లిలోని నా ఇంటికి, రెండువేల మూడు మార్చి నెల అద్దె నిమిత్తం, అక్షరాల పదిహేను వందల రూపాయలు నాకు ముట్టినవి. ఇట్లు, అప్పలనరసమ్మ.”

“అద్దెకా?” అంది. “నువ్వు నా ఇంట అద్దెకున్నావా?”

“పన్ను తగ్గుతాదమ్మా. ఉత్తుత్తి రసీదు.”

“మార్చినెల్లో నువ్వు ఒక్కపాలి ఒచ్చినావు. ఎండు నెత్తళ్లు రెండు కేజీలు అట్టుకెల్లినావు. ఊఁ, తరవాత సదువు.”

“అన్నీ ఒకటేనమ్మా. నెల మారతాది, అంతే.”

“పన్నెండేసినాను. పన్నెండూ ఇంతాను.”

అతను ఏప్రిల్ చదివాడు. సముద్రంలో ఏట ఆపేసినారంది, బజారులో కూకోడానికి నా కాడ చేప కూడా నేదంది. మే చదివాడు. అప్పుడూ అంతే అంది. జూన్‌ది చదివితే, బళ్లు తెరిసినారని నీ కూతురికి సంచీ కొనిచ్చింది నానే గదా అంది. ఆగస్టులో పాక కారిందట, తాటాకు కప్పించుకుందట. “ఆ పాకకి పదైదొందలు అద్దా?” అని ఒక్కసారి నవ్వొచ్చింది ఆవిడకి. కొడుకు నవ్వలేదు. అక్టోబరు వచ్చేసరికి అతని గొంతు బడిలో పాఠం అప్పచెప్పలేని కుర్రాడి గొంతులా అయిపోయింది. ఆవిడ కోపంగా ఏమీ లేదు. ఒక్కో నెల పేరు వినగానే కళ్లు మూసుకుని ఆ నెల గుర్తు తెచ్చుకుని చెప్పేది. నాకు లేచి లోపలికి పోదామనిపించింది. పోలేక కూర్చున్నాను.

“నవంబరు నెల అద్దె నిమిత్తం, పదిహేను వందల రూపాయలు...”

“నవంబర్లో అయిదొందలిచ్చినావు. అది నిజివే. వెయ్యి తక్కువ.”

పన్నెండూ అయ్యాయి. అతను కాగితాలు ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు.

“నీకు సదువెందుకు సెప్పించినాను?” అని మెల్లిగా అడిగింది తల్లి. జవాబు కోసం ఆగలేదు. లేచి గంప ఎత్తుకుని, “ఆకరి బస్సెల్లిపోద్ది,” అని గేటు వేసి వెళ్లిపోయింది.

చిరంజీవి రసీదులు నాలుగ్గా చింపి జేబులో పెట్టుకున్నాడు. “అద్దె గడిలో సున్నా రాసెయ్యండి సార్,” అన్నాడు.

“పద్నాలుగు వందల నలభై పోతుందయ్యా.”

“పోనీండి.”

సున్నా రాశాను. మర్నాడు ముప్పై నాలుగు స్టేట్‌మెంట్లూ విడదీశాను. మా బడివి పదకొండు హెడ్మాస్టారి బల్ల మీద పెట్టి, మిగతావి వాళ్ల వాళ్ల బళ్లకి పంపాను. మా పదకొండింట్లో పది సంతకమై వచ్చాయి. చిరంజీవిది ఒక్కటే ఎర్ర సిరాతో వెనక్కొచ్చింది. “అద్దె ఇంట్లో ఉంటున్నాడు కదా, సున్నా ఏమిటి? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారా? సరిచూడండి,” అని నామీదే చిరాకుపడ్డాడు ఆయన. అబద్ధాలు లేని కాగితం మా బడిలో అదొక్కటే. దాన్ని నిలబెట్టడానికి నేను అరగంట వాదించాల్సి వచ్చింది. ఓపిక లేకపోయినా వాదించాను. ఆ ఫిబ్రవరి జీతంలో అతనికి రెండువేల రెండువందలు కోశారు.

తరవాత నాలుగైదు నెలలు చిరంజీవి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. తప్పు చేయించినవాణ్ణి కదా, నేనూ కదపలేదు. కానీ స్టాఫ్ రూములో అతని మాటలు నా చెవిన పడుతుండేవి. మా అమ్మకి అబద్ధం కిట్టదండీ అనేవాడు. చదువు లేకపోయినా మా అమ్మ ధర్మం తప్పదండీ అనేవాడు. అలా అన్నప్పుడల్లా అతని ముఖంలో గర్వం కన్నా దిగులే ఎక్కువ కనిపించేది. ఇంటికి మునుపటికన్నా తరచుగా వెళ్తున్నాడని, వెళ్లినా తల్లి ఎదుట పెద్దగా కూర్చోడని కూడా అతనే ఎవరితోనో అన్నాడు.

జులై ఆఖరి వారం, ముసురు పట్టిన సాయంత్రం, ఫారం పదహారు పట్టుకుని వచ్చాడు. వెనకాల అప్పలనరసమ్మ. కంటాసుపత్రిలో చూపించి తీసుకొస్తున్నాడట. ఒక కంటికి కట్టు ఉంది. మా ఆవిడ ఆవిడకి అరుగు మీద పొడిగా ఉన్నచోట పీట వేసింది.

నేను సరళ్ ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. జీతం గడి, కోతల గడి, కోసిన పన్ను గడి. మధ్యలో చెయ్యి ఆగింది. చెప్పాలా వద్దా అనుకుని చెప్పేశాను.

“ఇప్పుడైనా మించిపోలేదయ్యా. అద్దె మినహాయింపు రిటర్నులో అడగొచ్చు. కోసిన పద్నాలుగు వందల నలభై రీఫండు వస్తుంది. రసీదులు నాకివ్వక్కర్లేదు, నీ దగ్గర ఉంచుకుంటే చాలు.”

“వద్దు సార్. అమ్మకి అబద్ధం ఇష్టం లేదు,” అన్నాడు చిరంజీవి, తల్లి వినేలాగే.

“ఎవులికి ఇష్టం నేదు?” అంది ఆవిడ.

“నీకేనమ్మా.”

“నాను అబద్ధం ఒద్దన్నానేట్రా?” ఆవిడ కట్టు లేని కంటితో కొడుకుని తేరిపార చూసింది. “పంతులుగారు పద్నాలుగొందలంతన్నారు. అంత పోనాదా? నాకొక్క ముక్క సెప్పినావు కావు.”

“నువ్వే కదమ్మా ఆవేళ...”

“ఓర్నాయినా. నిన్ను బళ్లో ఏసినప్పుడు నీ ఈడు ఒక ఏడెక్కువేసి సెప్పినాను. నీ పరీచ్చ పీజుకి గాజులమ్మేసి, సముద్దరంలో జారిపోయినాయని మీ అయ్యకి సెప్పినాను. నీకోసం నానెన్ని అబద్ధాలాడినానో నెక్కుందేటి? అమ్మా ఇది అబద్ధవే, ఇంత మిగుల్తాది, ఏలెయ్యే అని సదివి సెప్పుంటే ఏసీదాన్ని. పన్నెండు కాదు, ఇరవైనాలుగేసీదాన్ని.”

చిరంజీవి ఫారం పదహారు చాప మీద పెట్టేశాడు.

“నువ్వేటుందో సెప్పనేదు. నా ఏలట్టుకుని సిరాలో ముంచినావు. మీ అయ్య ఏలు కూడా అలాగే అట్టుకున్నాడా సావుకారు. సదువుకున్నోడొకడు ఇంట్లో ఉంటే ఇంకెవులూ అలాగట్టుకోరనే గదా నిన్ను సదివించినాను.”

అన్నేళ్లు వాళ్లూ వీళ్లూ తెచ్చిన రసీదుల కింద వేసిన సంతకాలు, ముద్రలు, ఎవరికి చదివి వినిపించి వేయించారో నేను ఒక్కనాడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అలసిపోయానని సర్దిచెప్పుకుందామన్నా మనసు ఒప్పుకోలేదు.

ఆ ఏడు అతను రీఫండు అడగలేదు. నేను నింపిన మేరకు సరళ్ ఫారం సంతకానికి అతని చేతికిచ్చాను. చిరంజీవి కలం తియ్యలేదు. పీట దగ్గరికి జరిగి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇంగ్లీషులో ఉన్నది తనలో చదువుకుని, తెలుగులో పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

“ఇది నేను గవర్నమెంటుకి ఇచ్చే కాయితమమ్మా. మొదట నా పేరుంది. చిరంజీవి.”

“ఊఁ.”

“దాని కింద తండ్రి పేరు. నూకయ్య.”

ఆవిడ కొంగు తీసి కట్టు లేని కన్ను ఒత్తుకుంది.

“సదువు,” అంది.